వడ్డించేవాడే విస్తరి ముందు కూర్చుంటే

నా పీహెచ్‌డీ మౌఖిక పరీక్షలో ఒక పెద్దావిడ అడిగిన ప్రశ్న ఇన్నేళ్లయినా నన్ను వదల్లేదు. 1930లలో పత్రికల్లో కథలు రాసిన ఒక రచయిత్రి గురించి నా సిద్ధాంత గ్రంథంలో ఒకే ఒక్క వాక్యం రాశాను: ‘ఈమె గురించి సమాచారం దొరకలేదు’ అని. ఆవిడ కళ్లజోడు తీసి, ఆ వాక్యం మీద వేలు పెట్టి, “ఎక్కడ దొరకలేదమ్మా?” అన్నారు. అంతే. నాకు గొంతులో తడి ఆరిపోయింది. గ్రంథాలయాల పేర్లు రెండు చెప్పి బయటపడ్డాను. ఆవిడ నమ్మినట్టు లేదు గానీ మరో ప్రశ్న వెయ్యలేదు.

నిజం ఇప్పుడు చెబుతాను. ఆ రచయిత్రి పేరే తర్వాతి తరంలో ఒక సినిమా నటికీ ఉంది. ఒక సెర్చ్ ఇంజన్‌లో (ఏదన్నది ఇక్కడ అనవసరం) ఆ పేరు కొట్టి చూశాను. నటి ఫొటోలు వచ్చాయి, పాటలు వచ్చాయి, ఆమె పెళ్లి కబుర్లు వచ్చాయి. మొదటి పేజీ చూశాను. రెండో పేజీ సగం చూశాను. ఆ రాత్రి నిద్ర ముంచుకొస్తుంటే ఆ వాక్యం టైపు చేసేశాను. పాత స్త్రీల పత్రికల బైండు వాల్యూములు దుమ్ము దులిపి చదవడమే నా పరిశోధన అని అందరికీ చెప్పుకునేదాన్ని, ఆ ఒక్క పేరు దగ్గర మాత్రం నా పని యంత్రానికి అప్పగించాను.

నటి ముందు రావడంలో ఎవరి దురుద్దేశమూ లేదు. ఎక్కువమంది అడిగేది ఆమె గురించే. కానీ ఆ ప్రశ్న తర్వాత నేను సెర్చ్ పేజీని చదివే తీరు మారింది. ఒక సంకలనం చేతికొస్తే స్త్రీవాద విమర్శకులం ముందు విషయసూచిక చూస్తాం. ఎవరున్నారు, ఎవరు లేరు, ఎవరికెన్ని పేజీలు, సంపాదకుడి సొంత కథ ఎన్నో స్థానంలో ఉంది అని చూస్తాం. ఇది మనకు ఎవరూ పాఠంగా చెప్పలేదు, లేకపోవడాన్ని పదే పదే చూసి నేర్చుకున్నాం. మరి రోజుకు పదిసార్లు చూసే ఈ విషయసూచికని ఎందుకు అలా చదవం? దీని సంపాదకుడెవరు? అతని కథ ఎన్నోది?

ఈ చివరి ప్రశ్నకి చాలా స్పష్టమైన జవాబు కోర్టు కాగితాల్లో ఉంది.

ఇంగ్లండులో షివాన్ రాఫ్, ఆడమ్ రాఫ్ అనే భార్యాభర్తలు 2006లో ఫౌండెమ్ అనే సైటు ప్రారంభించారు. ఒకే వస్తువు ఏ దుకాణంలో ఎంత ధరకి దొరుకుతోందో పోల్చి చూపించే సైటు అది. ఇద్దరూ కంప్యూటర్ రంగం తెలిసినవాళ్లే. సైటు మొదలైన కొద్దికాలానికే గూగుల్ ఫలితాల్లో అది ఎక్కడో అడుక్కి జారిపోయింది. అదే సమయంలో యాహూలో, మైక్రోసాఫ్ట్ ఇంజన్‌లో పై స్థానాల్లోనే కనిపిస్తోంది. ఏదో పొరపాటు జరిగింది, చెబితే సరిదిద్దుతారు అనుకున్నారు వాళ్లు. పొరపాటు కాదని అర్థం కావడానికి కొన్నేళ్లు పట్టింది. 2009 నవంబరులో యూరోపియన్ కమిషన్‌కి ఫిర్యాదు చేశారు. 2010 నవంబరులో అధికారిక విచారణ మొదలైంది. 2017 జూన్ 27న కమిషన్ గూగుల్‌కి 242 కోట్ల యూరోల జరిమానా వేసింది. గూగుల్ అప్పీలుకి వెళ్లింది. 2021 నవంబరులో కింది కోర్టు, 2024 సెప్టెంబరు 10న యూరప్ అత్యున్నత న్యాయస్థానం ఆ తీర్పునే ఖాయం చేశాయి. ఫిర్యాదు నుంచి చివరి తీర్పు దాకా దాదాపు పదిహేనేళ్లు. ఈలోగా 2016లోనే ఫౌండెమ్ మూతపడింది.

గెలిచేసరికి గెలవాల్సిన వస్తువే లేకపోవడం మనకి కొత్త కాదు. ఆస్తి హక్కు కోసమో మనోవర్తి కోసమో కోర్టు మెట్లెక్కిన ఆడవాళ్లని అడగండి.

తీర్పులో జరిమానా అంకె కన్నా నన్ను ఎక్కువ ఆకట్టుకుంది జరిగిన పద్ధతి వివరణ. గూగుల్‌కి కూడా ధరలు పోల్చే సొంత సేవ ఉంది. 2002లో ఫ్రూగల్ అనే పేరుతో మొదలైంది, తర్వాత రెండుసార్లు పేరు మార్చుకుని గూగుల్ షాపింగ్ అయింది. మొదట్లో అది సరిగా నడవలేదు. దాన్ని బాగుచేసుకోవడం ఒక దారి. ఎంచుకున్నది ఇంకో దారి. కమిషన్ తేల్చిందేమిటంటే, జరిగినవి రెండు పనులు. ఒకటి, తన సేవని బొమ్మలతో, ధరలతో ఒక పెట్టెలో పేర్చి పేజీ నెత్తిన పెట్టుకోవడం. రెండోది, పోటీ సైట్లని కిందికి నెట్టే నియమాలు తన అల్గారిథంలో పెట్టి, ఆ నియమాలని తన సేవకి వర్తింపజేయకపోవడం. పరీక్ష అందరికీ ఉంది, పరీక్ష పెట్టినవాడి కొడుక్కి తప్ప. పోటీ సైట్లలో అన్నిటికన్నా పైన ఉన్నది కూడా సగటున నాలుగో పేజీలో తేలింది.

నాలుగో పేజీ అంటే ఏమిటి? మొదటి పేజీలోని పది ఫలితాలకి దాదాపు 95 శాతం క్లిక్కులు వెళతాయి. వాటిలో మొట్టమొదటి దానికే సుమారు 35 శాతం. రెండో పేజీలో మొదట ఉన్నదానికి దక్కేది దాదాపు 1 శాతం. ఈ లెక్కలు చెప్పడానికి కమిషన్ 170 కోట్ల వెతుకులాటల ఫలితాలు పరిశీలించింది. నాలుగో పేజీకి ఇక లెక్క అవసరం లేదు. అక్కడ ఉన్నది ఉన్నట్టే, ఎవరికీ కనబడదు. నిషేధం లేదు, తొలగింపు లేదు, ‘మీ సైటు ఉంది కదండీ’ అని చెప్పొచ్చు. బ్రిటన్‌లో గూగుల్ సొంత సేవకి రాకపోకలు 45 రెట్లు, జర్మనీలో 35 రెట్లు పెరిగాయి. పోటీ సైట్లలో కొన్నిటికి ఒక్కసారిగా పడిపోయిన రాకపోకలు బ్రిటన్‌లో 85 శాతం, జర్మనీలో 92 శాతం దాకా ఉన్నాయి.

నాకు ఈ భాగం చదువుతుంటే సాహిత్య చరిత్రలే గుర్తొచ్చాయి. మన సాహిత్య చరిత్రకారులు స్త్రీలని పూర్తిగా వదిలెయ్యలేదు. ‘ఇతరులు’ అన్న శీర్షిక కింద, అధ్యాయం చివర, పేర్లు కామాలతో కలిపి ఇచ్చారు. మీరు లేరని ఎవరన్నారు, ఉన్నారు కదా! అదీ నాలుగో పేజీయే.

‘వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఫరవాలేదు’ అంటారు మనవాళ్లు. ఈ సామెతని ఆశ్రితపక్షపాతానికి ఉదాహరణగా బడిలో చెప్పారు నాకు. దాన్ని ఇంట్లో పెట్టి చూస్తే వేరే సంగతి కనిపిస్తుంది. మా అమ్మమ్మ ఇంట్లో వడ్డించేది ఆడవాళ్లు, కడబంతిలో తినేదీ ఆడవాళ్లే. గిన్నె అడుగున ఏది మిగిలితే అది. వడ్డించే చేతికి సొంత విస్తరి ముందు నింపుకునే అధికారం ఎప్పుడూ లేదు, నింపుకుంటే ఏమనేవారో ఊహించగలం. కాబట్టి ఈ సామెతలో ‘వాడు’ అన్న మాట కేవలం వ్యాకరణం కాదు. వడ్డన అధికారంగా మారేది అది ‘వాడి’ చేతికి వచ్చినప్పుడే. సెర్చ్ ఇంజన్ కథలో ఇంకో మెట్టు ఉంది. ఇక్కడ వడ్డించేవాడు మనవాడికి వెయ్యడం లేదు, గరిటె పట్టుకునే తనే మొదటి బంతిలో కూర్చున్నాడు.

ఇది గూగుల్‌తో మొదలైన విద్య కూడా కాదు. అమెరికాలో విమాన టిక్కెట్లు బుక్ చేసే సేబర్ అనే కంప్యూటర్ వ్యవస్థ అప్పట్లో అమెరికన్ ఎయిర్‌లైన్స్ వాళ్లది. 1970ల చివరికి ట్రావెల్ ఏజెంట్ల బల్లల మీదికి చేరింది. ఏజెంటు అడిగేది ‘ఫలానా ఊరికి విమానాలు చూపించు’ అని. తెరమీద ముందు వచ్చేవి అమెరికన్ ఎయిర్‌లైన్స్ విమానాలు. ఏజెంటుకి తీరిక ఉండదు, మొదటి తెరలోంచే బుక్ చేస్తుంది. దీనిమీద గొడవైనప్పుడు ఆ సంస్థ అధిపతి రాబర్ట్ క్రాండల్ అమెరికన్ కాంగ్రెస్ ముందు దాచకుండానే మాట్లాడాడు, ఆ మొదటి స్థానం దక్కకపోతే ఈ వ్యవస్థ కట్టడంలో అర్థమేముందన్న ధోరణిలో. 1984లో ప్రభుత్వం ఆ పక్షపాతాన్ని నిషేధిస్తూ నియమాలు తెచ్చింది. అంటే జాబితా తయారుచేసేవాడికి జాబితాలో స్వార్థం ఉంటే ఏమవుతుందో నాలుగు దశాబ్దాల కిందటే తెలుసు. గూగుల్ స్థాపకులకీ తెలుసు. సెర్గీ బ్రిన్, లారీ పేజ్ స్టాన్‌ఫర్డ్ విద్యార్థులుగా 1998లో రాసిన పరిశోధన పత్రం అనుబంధంలో, ప్రకటనల డబ్బుతో నడిచే సెర్చ్ ఇంజన్ ప్రకటనదారుల వైపే మొగ్గుతుందని, వెతికేవాళ్ల అవసరాలకి దూరమవుతుందని వాళ్లే హెచ్చరించారు. యువకులుగా అభ్యుదయం రాసి ఉద్యోగం వచ్చాక మరిచిపోయిన కవులు మనకీ తక్కువ లేరు, కాబట్టి ఎక్కువ వెక్కిరించను.

మన దేశంలో జరిగిన కేసు తెలుగు పాఠకురాళ్లకి ఇంకా ఆసక్తికరం. ఫిర్యాదు చేసిన ఇద్దరిలో ఒకరు వినియోగదారుల సంస్థ కట్స్. రెండోవారు భారత్ మాట్రిమోనీ నడిపే కంపెనీ, తెలుగు మాట్రిమోనీ కూడా వాళ్లదే. 2012లో ఫిర్యాదులు వెళితే, 2018 ఫిబ్రవరి 8న భారత పోటీ సంఘం గూగుల్‌కి 135.86 కోట్ల రూపాయల జరిమానా వేసింది. తప్పుగా తేలినవాటిలో ముఖ్యమైనది విమానాల పెట్టె. టిక్కెట్ల కోసం వెతికితే పేజీలో ప్రముఖ స్థానంలో గూగుల్ సొంత విమాన సేవ కనిపించడం. సేబర్ తెర మళ్లీ వచ్చిందన్నమాట. ఇద్దరు సభ్యులు మెజారిటీతో విభేదించి విడిగా రాశారు. తమ పేరు ఎవరైనా వెతికితే పోటీ సంబంధాల కంపెనీల ప్రకటనలు వస్తున్నాయని మాట్రిమోనీ కంపెనీ గట్టిగా వాదించింది గానీ, ఆ ఆరోపణ నిలవలేదు.

ఈ కేసు చదువుతూ నేను నవ్వుకున్న మాట నిజం. కులానికో పెళ్లిళ్ల సైటు తెరిచిన వ్యాపారం, అమ్మాయిలని కులం, ఎత్తు, జీతం, జాతకం వారీగా వరసపెట్టే వ్యాపారం, ‘మమ్మల్ని న్యాయంగా వరసపెట్టడం లేదు’ అని ఫిర్యాదు చేసింది. ఆ సైటులో కింద ఎక్కడో పడిపోయిన అమ్మాయి, వితంతువో, విడాకులు తీసుకున్నదో, వయసు ముప్పై దాటినదో, ఏ సంఘానికి చెప్పుకోవాలి? అయినా ఆ ఫిర్యాదు తప్పని అనను. పైవాడి అన్యాయం కిందివాడిని పునీతుణ్ని చెయ్యదు, కిందివాడి అన్యాయం పైవాడికి సమర్థన కాదు. ఈ మాట దళిత స్త్రీవాదులు మనకి ఎంతో కష్టపడి నేర్పారు.

గూగుల్ వాదన కూడా వినాలి. సొంత సేవలు పైన పెట్టడం వాడకందారుల సౌకర్యం కోసమే అన్నది వాళ్ల మాట. పది లింకుల చుట్టూ తిరగకుండా జవాబు ఒక్కచోట దొరుకుతుంది కదా అని. అమెరికాలో ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఇంచుమించు ఈ వాదన ఒప్పుకునే 2013 జనవరిలో ఈ విషయంలో విచారణ ముగించేసింది. ఇందులో నిజం లేకపోలేదు. బస్సు వేళలో, వాతావరణమో కావలసినప్పుడు నాకూ పెట్టెలో జవాబే బావుంటుంది. కానీ సౌకర్యం అన్న మాటని మనం జాగ్రత్తగా వినాలి. ‘నీకెందుకు శ్రమ, నేను చూసుకుంటానుగా’ అని బ్యాంకు పాసుపుస్తకం అందుకున్న చేతులు మనకి బాగా తెలుసు. ఆ మాట ప్రేమతో అన్నవాళ్లూ ఉంటారు. పాసుపుస్తకం మాత్రం మన దగ్గర లేదు. జవాబు ఒక్కచోట పెట్టడం వేరు, ఆ ఒక్కచోటు ఎప్పుడూ నా దుకాణమే కావడం వేరు. 2020లో ది మార్కప్ అనే పత్రిక పదిహేను వేల ప్రసిద్ధ వెతుకులాటలు పరిశీలించి, మొబైల్‌లో మొదటి పేజీ చోటులో 41 శాతం గూగుల్ సొంత సేవలకీ, తనే నేరుగా ఇచ్చే జవాబులకీ పోతోందని లెక్కగట్టింది. ఇది పట్టికలో ఒక వరస కాదు, దాదాపు సగం పేజీ.

ఈ విషయంలో నాకు దారి చూపిన పుస్తకం సఫియా ఉమోజా నోబుల్ రాసిన ‘అల్గారిథమ్స్ ఆఫ్ అప్రెషన్’, 2018లో వచ్చింది. ఆమె నల్లజాతి స్త్రీ. ముందు ప్రకటనల రంగంలో పనిచేసి, తర్వాత గ్రంథాలయ, సమాచార శాస్త్రంలో పరిశోధన చేసింది. తమ ఇంటి ఆడపిల్లలకి నచ్చేవేమైనా దొరుకుతాయేమోనని ‘నల్ల అమ్మాయిలు’ అన్న మాట కొడితే బూతు సైట్లు వచ్చాయట. అక్కడినుంచి ఆమె ఆలోచన మొదలైంది. సెర్చ్ ఇంజన్‌ని మనం గ్రంథాలయం అనుకుంటున్నాం, అది ప్రకటనల సంస్థ అన్నది ఆమె వాదనకి వెన్నెముక. పుస్తకంలో నాకు ఒక అసంతృప్తి ఉంది. గ్రంథాలయాన్ని ఆమె కూడా తప్పుబడుతుంది, వర్గీకరణల్లో జాతి వివక్షని చూపిస్తుంది, కానీ యాజమాన్యం ప్రశ్న దగ్గర ఇంకొంచెం ఆగి ఉంటే బావుండేది. బూతు సైటు మొదట రావడం చూసిన వాళ్లకి కోపం వస్తుంది. ధరల పెట్టె మొదట రావడం చూస్తే ఎవరికీ కోపం రాదు. కోపం రాని చోటే ఎక్కువ జరిగిపోతుంది.

ఇక్కడ ఎవరైనా నన్ను నిలదీయొచ్చు. మీరు అంతగా ప్రేమించే పాత పత్రికలు ఏం చేశాయి అని. చేశాయి. 1928లో మద్రాసు నుంచి ‘గృహలక్ష్మి’ని మొదలుపెట్టిన డాక్టర్ కె.ఎన్. కేసరి ఆయుర్వేద వైద్యులు. స్త్రీల గర్భకోశ బాధలకి ఆయన కేసరి కుటీరం తయారుచేసిన ‘లోధ్ర’ అప్పట్లో ఇంటింటా తెలిసిన మందు. ఆ పత్రికలో లోధ్ర ప్రకటనలు ఉండేవి. స్త్రీల ఆరోగ్యం గురించి రాసే పత్రికలోనే స్త్రీల మందు అమ్ముకున్నారు. అమృతాంజనం సంపాదన ఆంధ్రపత్రికని నిలబెట్టిన సంగతీ తెలిసిందే. తెలుగు పత్రికారంగం చరిత్ర సగం మందుల సీసాల చరిత్ర.

మరి తేడా ఏమిటి? చాలాకాలం నాకూ తేలలేదు. ప్రకటన అని తెలిసేలా వెయ్యడం ఒక తేడా. పత్రిక మీద, సీసా మీద ఒకే పేరు ఉండేది, దాపరికం లేదు. అంతకన్నా పెద్ద తేడా ఇంకొకటి. గృహలక్ష్మి తన సొంత పేజీల్లోనే లోధ్రని ఎత్తి చూపగలదు. ‘ఆంధ్ర మహిళ’ ఏ ఊరికి చేరాలో, అందులో ఏ మందు ప్రకటన కనిపించాలో కేసరిగారు నిర్ణయించలేరు. తపాలా శాఖ ఆయనది కాదు. గూగుల్ పత్రికా తనే, తపాలా తనే, పుస్తకాల షాపు ముందు బల్లా తనే. 2024 ఆగస్టు 5న వాషింగ్టన్‌లో జడ్జి అమిత్ మెహతా సెర్చ్‌లో గూగుల్ చట్టవిరుద్ధంగా గుత్తాధిపత్యం నిలుపుకుందని తీర్పు చెప్పిన కేసులో బయటపడిన ఒక అంకె చూడండి. ఫోన్లలో, బ్రౌజర్లలో ముందే తన ఇంజన్ పెట్టించుకోవడానికి గూగుల్ 2021లో ఇతర కంపెనీలకి చెల్లించింది 2,630 కోట్ల డాలర్లు. అన్ని దారులూ కొనుక్కున్నాక, మా దారి నచ్చే వస్తున్నారు అనడం సులువే.

యూరప్‌లో 2024 మార్చి నుంచి డిజిటల్ మార్కెట్ల చట్టం కింద ఇలాంటి స్వీయ ప్రాధాన్యం నిషేధం. 2025 మార్చిలో కమిషన్ గూగుల్ ఆ చట్టాన్ని ఇంకా ఉల్లంఘిస్తోందని ప్రాథమికంగా అభిప్రాయపడింది. ఈలోగా పేజీయే మారిపోయింది. 2024లో అమెరికాలో, తర్వాత మన దేశంలో, కృత్రిమ మేధ రాసిన సారాంశం అన్నిటికన్నా పైకి వచ్చింది. ఇదివరకు తన దుకాణాన్ని మన దుకాణం ముందు పెట్టేవాడు, ఇప్పుడు మన సరుకుతోనే తన దుకాణం నింపుతున్నాడు. వంటల గురించి, కాన్పు తర్వాత ఆరోగ్యం గురించి, మర్చిపోయిన రచయిత్రుల గురించి ఏళ్ల తరబడి ఉచితంగా రాసిపెట్టిన ఆడవాళ్ల శ్రమ ఆ నాలుగు వాక్యాల్లో కలిసిపోతుంది. సరిగ్గా చెప్పినా, తప్పుగా చెప్పినా, చదివేవాళ్లు అక్కడే ఆగిపోతారు. ఆగిపోతారని నేనెలా అంటున్నాను? నేనే ఆగిపోయాను కనుక.

ముద్దుపళని కావ్యాన్ని వెతికిన బెంగుళూరు నాగరత్నమ్మ చేతికి ముందు అచ్చు ప్రతే వచ్చింది. దాంతో ఆగితే సరిపోయేది. ఆమె తాళపత్ర ప్రతి సంపాదించి పోల్చి చూసి, అచ్చులో ఎగిరిపోయిన భాగాలు పట్టుకుని, 1910లో మళ్లీ ప్రచురించింది. ఎగిరిపోయిన వాటిలో ముద్దుపళని తన గురించి తాను చెప్పుకున్న భాగం ఉంది. ఇది మనందరికీ తెలిసిన కథే, మీటింగుల్లో చెబుతూనే ఉంటాం. నేను కూడా చెప్పాను, నా సిద్ధాంత గ్రంథం మొదటి అధ్యాయంలోనే. ఐదో అధ్యాయంలో ఆ వాక్యం రాశాను.

మౌఖిక పరీక్ష అయిన నాలుగేళ్లకి, ఇంకో పని మీద వెళ్లిన ఒక జిల్లా గ్రంథాలయంలో, అట్టలు ఊడిన వాల్యూములో ఆ రచయిత్రి కథ దొరికింది. అక్కడి గ్రంథపాలకురాలికి నేను పేరు చెప్పగానే, ఏ నటి సంగతీ అడక్కుండా, ‘పాత పత్రికల ఆవిడేనా’ అంది. కథ రెండు భాగాలు. నాకు దొరికింది రెండోది. భర్త పేరుమీద వచ్చిన ఉత్తరాలు తెరిచే హక్కు తనకి లేదని తెలిసిన భార్య కథ అది, చివరి పేజీకి ఎదురుగా గర్భకోశ వ్యాధులకి మందు ప్రకటన. మొదటి భాగం వచ్చిన సంచిక ఆ వాల్యూములో లేదు, నేను చూసిన మరో మూడు గ్రంథాలయాల్లోనూ లేదు. 1930ల నాటి స్త్రీల పత్రికలు మీ ఇళ్లలో అటకల మీద, మీ అమ్మమ్మల పెట్టెల్లో ఎక్కడైనా ఉంటే, విడి సంచికలైనా సరే, దయచేసి ఈ పత్రిక చిరునామాకి ఒక కార్డు రాయండి. నేనే వచ్చి చూసుకుంటాను.